‘ట్రై చేస్తాం సార్’ అన్నందుకు తప్పంతా నీదేనా, చెల్లే?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో టీమ్ లీడ్‌గా చేస్తున్నా, నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. మా టీములో 14 మందిమి. ఇక్కడ నాతో కలిపి ఆరుగురం, జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో నలుగురు, అమెరికాలో డల్లాస్‌లో ముగ్గురు, మనీలాలో ఒక అమ్మాయి. లారీల స్పేర్ పార్టుల గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. వరుసగా రెండు రిలీజులు లేటయ్యాయి. కిందటి నెల మీటింగులో స్టుట్‌గార్ట్ మేనేజర్ అందరి ముందు “హైదరాబాద్ వాళ్లు అన్నింటికీ యెస్ అంటారు, ఏదీ కాదు” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత కంపెనీ మా ఆరుగురికి మాత్రమే రెండు రోజులు కల్చర్ ట్రైనింగ్ పెట్టింది. మా హైదరాబాద్ మేనేజర్ “నో చెప్పడం నేర్చుకో” అంటున్నారు. నిజంగా మన పెంపకంలోనే లోపం ఉందా అక్కా? నేనెట్లా మారాలి? నా కింద ఉన్న ఐదుగురు పిల్లల్ని ఎట్లా మార్చాలి?

జవాబు: చెల్లే, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైన వేసింది అందులో సగమే. మిగతా సగంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన నాలుగు సంగతులు నాకు అసలు విషయం చెప్పాయి. గోడౌన్ వాళ్లకు ఏం కావాలో డల్లాస్ వాళ్లకు తెలుసు, కానీ ఆ మాట స్టుట్‌గార్ట్ మీదుగానే నీకు చేరుతుంది. డల్లాస్ వాళ్లను నువ్వు నేరుగా అడగకూడదు. చిన్న మార్పుకు కూడా సంతకం స్టుట్‌గార్ట్‌దే. రోజూ మీటింగు మన టైము రాత్రి 9:30కి. ఈ నాలుగూ రాసి, ఆ కిందనే ‘మన పెంపకంలో లోపం ఉందా’ అని అడిగావు. ఆ నాలుగు వాక్యాలకూ ఆ ప్రశ్నకూ మధ్య సంబంధం నీకు కనిపించలేదు, మీ మేనేజర్లకూ కనిపించలేదు. నేను రాయబోయేదంతా ఆ సంబంధం గురించే.

సూటిగా చెప్పేస్తాను. పెంపకంలో లోపం లేదు. మన మాటతీరు వేరు, వాళ్ల మాటతీరు వేరు, అది నిజమే. కానీ ఆ తేడా ప్రతి టీములోనూ ఉంటుంది, కొన్ని టీములు దానితోనే చక్కగా నడుస్తాయి, కొన్ని మునుగుతాయి. మునిగేదా తేలేదా అన్నది పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోంది, ఎవరు ఎవరిని అడగొచ్చు, ఒప్పుకున్నది ఎక్కడ రాసి ఉంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇరవై ఐదేళ్ల అలవాటును రెండు రోజుల ట్రైనింగ్‌తో ఎవరూ మార్చలేరు. టీమును కట్టిన తీరును మాత్రం రెండు మూడు నెలల్లో మార్చొచ్చు.

ముందు మాటతీరు సంగతి. మన ఇంటికి ఎవరైనా వచ్చి “పిల్లకు ఒక మంచి సంబంధం ఉంది, కదిలించమంటారా” అంటే, ఇష్టం లేకపోయినా మనం “వద్దు” అనం. “చూద్దాం లెండి” అంటాం. వచ్చినవాళ్లకు అర్థమైపోతుంది, చాయ్ తాగి వెళ్తారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. అది అబద్ధం కాదు, మర్యాద. ఆ “చూద్దాం”లో ఉన్న “వద్దు”ను పట్టుకోవడం ఇద్దరికీ తెలుసు కాబట్టే అది పనిచేస్తుంది. మీటింగులో శుక్రవారానికి అవుతుందా అని స్టుట్‌గార్ట్ మేనేజర్ అడిగితే నువ్వు “ట్రై చేస్తాం సార్” అన్నావు. మిర్యాలగూడలో ఎవరిని అడిగినా ఆ మాటకు అర్థం “కష్టమే” అని చెబుతారు. ఆయన “సరే, శుక్రవారం” అని రాసుకున్నాడు. నువ్వు దాచలేదు, ఆయన పొగరుగా లేడు. ఒకే మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా పడింది.

దీని మీద చదువుకున్నవాళ్లు చాలానే రాశారు. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లోనే కొన్ని సమాజాల్లో అర్థం మాటలో ఉంటుందని, కొన్నింటిలో మాట చుట్టూ ఉన్న సందర్భంలో ఉంటుందని విడదీసి చెప్పాడు. జర్మన్లు మొదటి రకం, మనం రెండో రకం. డచ్చి పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ అయితే ఐబీఎం ఉద్యోగుల నుంచి లక్షకు పైగా సర్వే పత్రాలు తీసుకుని దేశాలకు నంబర్లే ఇచ్చాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న కొలతలో ఫిలిప్పీన్స్ 94, మన దేశం 77, అమెరికా 40, జర్మనీ 35. మీ ట్రైనింగ్‌లో ఈ నంబర్ల స్లైడు చూపించే ఉంటారు. నంబర్లలో కొంత నిజం ఉంది, పెద్దసారు ముందు “కాదు” అనడానికి మన నాలుక ఎందుకు తిరగదో అవి చెబుతాయి. కానీ అవి ఒకే కంపెనీ మనుషుల మీద తీసిన సగటు లెక్కలు. ఆ సగటును తీసుకెళ్లి ఒక మనిషికి అంటిస్తే తప్పవుతుంది. స్టుట్‌గార్ట్‌లో మొహమాటస్తులు లేరా? నల్లగొండలో ముక్కుసూటి మనుషులు లేరా? మా వీధిలోనే పదిమందిని చూపిస్తాను.

నాకూ దెబ్బ తగిలింది కాబట్టి ఒకటి చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జర్మన్ ఇంజనీరుకు “ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్” అని మెయిల్ పెట్టాను. మన బళ్లో చిన్నప్పటి నుంచీ “టీచర్, డౌట్” అంటే అర్థం కాలేదు, చెప్పండి అని. ఆయనకేమో ‘నీ పని మీద నాకు అనుమానంగా ఉంది’ అని వినిపించింది. రెండు వారాలు ముక్తసరిగా జవాబులిచ్చాడు. నేను ఆయనకు గర్వం అనుకున్నాను, ఆయన నాకు పొగరనుకున్నాడు. ఇలాంటివి అటువైపు కూడా ఉంటాయి. జర్మన్‌లో ‘హాల్బ్ నోయిన్’, మాటకు మాట పెడితే ‘సగం తొమ్మిది’, అంటే ఎనిమిదిన్నర. అదే ‘హాఫ్ నైన్’ అని ఇంగ్లండువాడు అంటే తొమ్మిదిన్నర. 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ 3, డల్లాస్‌కు మార్చి 4. ఇవన్నీ సంస్కృతి తేడాలే, కానీ ఒక్కటి గమనించు. వీటిలో దేనికీ మనిషిని మార్చనక్కర్లేదు. నెలను అక్షరాల్లో రాయాలని టీములో ఒక నియమం పెట్టుకుంటే తేదీ గొడవ ఆ రోజుతో అయిపోతుంది.

ఇదే సంగతి ప్రాణాల మీదికి వచ్చిన చోట ఏం చేశారో చూడు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న అవియాంకా 52 విమానం, వాతావరణం బాగాలేక గంటకు పైగా ఆకాశంలోనే తిరగాల్సి వచ్చింది. ఇంధనం అయిపోతోంది. పైలట్లు ‘ప్రయారిటీ’ కావాలన్నారు, ఇంధనం తగ్గుతోందన్నారు, కానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట కంట్రోలర్‌తో ఒక్కసారి కూడా అనలేదు. చివర్లో కెప్టెన్ ఆ మాట చెప్పమన్నా, రేడియో దగ్గరున్న కో-పైలట్ ‘మళ్లీ ఒకసారి ట్రై చేస్తాం, ఇంధనం అయిపోతోంది’ అనే ధోరణిలోనే చెప్పాడు, కాసేపటికి అదే మాట చివర ‘సర్’ చేర్చి చెప్పాడు. విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలిపోయింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఆ ‘ట్రై చేస్తాం’, ఆ ‘సర్’ చదివినప్పుడల్లా నాకు మన కాల్సే గుర్తొస్తాయి. దీనికి విమానయాన రంగం ‘కొలంబియా పైలట్లకు మొహమాటం ఎక్కువ’ అని చేతులు దులుపుకోలేదు. తర్వాత కాలంలో మాటలనే కట్టుదిట్టం చేశారు. ఇంధనం ఈ స్థాయికి వస్తే ‘మినిమమ్ ఫ్యూయల్’ అనాలి, ఇంకా కిందికి పోతే ‘మేడే ఫ్యూయల్’ అనాలి. మొహమాటపడే పైలట్ కూడా చెప్పాల్సిన మాట అదే, వినేవాడికి దానికి ఒకే అర్థం. ఆ పైలట్ ఏ దేశంవాడు, వాళ్లమ్మ ఎట్లా పెంచింది అన్న ప్రశ్నే రాదు. నీ టీముకు కావాల్సింది ఇదే.

ఇక రెండో వైపు. సంస్కృతిని నిందించడం ఎంత సులువంటే, అది లేనిచోట కూడా దాని మీదికే నెట్టేస్తారు. ఎయిర్‌బస్ ఏ380 కథ చూడు. విమానం వెనక భాగాలు, వైరింగ్ హాంబర్గ్‌లో తయారై ఫ్రాన్స్‌లోని తులూజ్‌కు వచ్చాయి. ఒక్కో విమానంలో వైరే దాదాపు 530 కిలోమీటర్లు. తీరా బిగించబోతే వైర్లు పొడవు సరిపోలేదు. హాంబర్గ్ వాళ్లు డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వాడుతున్నారు, తులూజ్ వాళ్లు కొత్తది. రెంటి లెక్కలూ ఒకదానికొకటి కుదరలేదు. 2006లో ఆ సంగతి బయటపడి, విమానాల డెలివరీ రెండేళ్ల దాకా వెనక్కి పోయింది. జర్మన్లూ ఫ్రెంచివాళ్లూ కూర్చుని ఒకరి మర్యాదలు ఒకరు ఎంత నేర్చుకున్నా ఆ వైరు ఒక్క అంగుళం పెరిగేది కాదు. ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని చెప్పగల అధికారం ఉన్న మనిషి, రెండు ఊళ్ల మధ్య ఆ ఫైళ్లను ముందే పోల్చిచూసే పద్ధతి, ఈ రెండూ ఉండాల్సింది.

దూరం అనేది ఒక్కటే ఎంత ఖరీదో 2003లో జేమ్స్ హెర్బ్స్‌లెబ్, ఆడ్రిస్ మోకస్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క తీశారు. ఒకే చోట పూర్తయ్యే సాఫ్ట్‌వేర్ మార్పుకు పట్టే కాలం కంటే, అలాంటిదే రెండు ఊళ్ల మధ్య నడిస్తే దాదాపు రెండున్నర రెట్లు పట్టింది. ఎందుకంటే, ఊళ్లు రెండైతే ఆ మార్పులో వేలు పెట్టాల్సిన మనుషుల సంఖ్య పెరుగుతుంది. మనిషి పెరిగినకొద్దీ ఎదురుచూపు పెరుగుతుంది. బద్ధకం కాదు చెల్లే, ఎదురుచూపు.

ఇప్పుడు నీ టీముకు వద్దాం. నువ్వే రాశావు, గోడౌన్‌లో వెనక్కి వచ్చిన సరుకును ఎట్లా లెక్కించాలో అర్థంకాక ఒక ప్రశ్న అడిగావు, జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టిందని. ఆ తొమ్మిది రోజుల్నీ నాతోపాటు లెక్కపెట్టు. సోమవారం పొద్దున 10 గంటలకు నువ్వు స్టుట్‌గార్ట్‌కు రాశావు. అప్పుడు అక్కడ చలికాలమైతే తెల్లవారి ఐదున్నర. వాళ్లు ఆఫీసుకొచ్చి చూసి, సాయంత్రం డల్లాస్‌కు పంపారు. డల్లాస్‌కూ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వాళ్లు గడియారం ముందుకు తిప్పే నెలల్లో పదిన్నర. వాళ్లు మనకు మంగళవారం తెల్లవారే వేళకు జవాబు రాసి స్టుట్‌గార్ట్‌కే పంపారు. స్టుట్‌గార్ట్‌లో అది చదివిన మనిషి గోడౌన్ ఎప్పుడూ చూడలేదు కాబట్టి తనకు అర్థమైనంత నీకు కుదించి పంపాడు. నీ ప్రశ్న వేరు, వచ్చిన జవాబు వేరు. మళ్లీ అడిగావు. బుధవారం. మళ్లీ అదే ప్రయాణం. ఈలోగా శని, ఆదివారాలు వచ్చాయి. తొమ్మిది రోజులు ఎక్కడికి పోయాయో కనిపించిందా? ఇందులో నీ ‘యెస్’ ఎక్కడుంది? డల్లాస్‌లో ఉన్న ఆ మనిషితో పదిహేను నిమిషాలు ఫోనులో మాట్లాడే వీలుంటే ఆ రాత్రికే తేలిపోయేది.

మరి తప్పంతా నీదే అని ఎందుకనిపిస్తుంది? దానికీ ఒక కారణం ఉంది. కేథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు వేరువేరు దేశాల విద్యార్థుల టీములను గమనించి 2001లో రాసింది. ఎదురుగా లేని మనిషి పని చేయకపోతే మనం అతని పరిస్థితిని ఊహించలేం, అతని గుణాన్ని నిందిస్తాం. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ‘పాపం, పిల్లాడికి జ్వరమట’ అని తెలుస్తుంది. 7,000 కిలోమీటర్ల అవతల నుంచి మెయిల్ రాకపోతే ‘వీళ్లింతే’ అనిపిస్తుంది. మౌనానికి ఎన్ని అర్థాలున్నాయో కూడా ఆమె చూపించింది. ఒప్పుకున్నాను అని, ఒప్పుకోను అని, ఊళ్లో లేను అని, మెయిల్ అందలేదు అని, ఇది నన్ను అడిగారని తెలియదు అని. స్టుట్‌గార్ట్ మేనేజర్ నీ గురించి అన్న మాట ఈ అలవాటు నుంచే వచ్చింది. నువ్వు డల్లాస్ వాళ్ల గురించి ‘పట్టించుకోరు’ అని రాసిన మాట కూడా అక్కడి నుంచే వచ్చింది, కోపం తెచ్చుకోకు.

మా నాయన సంగతి చెప్పాలి నీకు. మాది దేవరకద్ర పక్కన ఊరు. పాలమూరు లేబర్ అంటే నీకు చెప్పనక్కర్లేదు, దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా, ఆనకట్ట కట్టినా మా వాళ్లు ఉండేవాళ్లు. మా నాయన పదహారేళ్లకే గుంపు మేస్త్రి వెంట మహారాష్ట్రకు కాలువ పనికి పోయాడు. ఇంజనీరుది మరాఠీ, సూపర్‌వైజర్‌ది హిందీ, వీళ్లకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఆ బతుకులో కష్టం ఎంతో, మేస్త్రీల అడ్వాన్సుల కింద ఎంతమంది నలిగిపోయారో నాకు తెలుసు, దాన్ని నేను గొప్పగా చూపించను. కానీ పని ఎట్లా జరిగేదని నేను అడిగితే ఆయన చెప్పిన రెండు సంగతులు నాకు ఈ ఉద్యోగంలో అన్ని ట్రైనింగుల కంటే ఎక్కువ పనికొచ్చాయి.

ఒకటి, సున్నం గీత. పొద్దున్నే ఇంజనీరు మనిషి వచ్చి నేల మీద సున్నంతో గీత పోసేవాడు. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా. ఆ గీత మీద ఎవరూ వాదించేవాళ్లు కాదు, భాషతో పనిలేదు. రెండోది, మట్టి దిమ్మె. గుంత తవ్వుతూ మధ్యలో ఒక దిమ్మెను ముట్టకుండా వదిలేసేవాళ్లు, పైన గడ్డి అట్లనే ఉండేది. సాయంత్రం కొలిచేవాడు వచ్చి ఆ దిమ్మె తల నుంచి గుంత అడుగుదాకా టేపు పెట్టేవాడు. ఎంత తవ్వారో అదే చెప్పేది. తవ్విన మనిషి నోరు తెరిచి ‘ఇంత చేశాను సార్’ అని చెప్పుకోవాల్సిన అవసరం లేదు, చెప్పినా నమ్మాల్సిన అవసరం అవతలివాడికి లేదు. “లెక్క మీద తకరారు వచ్చిందంటే దిమ్మె పడగొట్టినారని అర్థం” అనేవాడు మా నాయన.

నీ టీములో సున్నం గీతా లేదు, దిమ్మే లేదు. పని ఎంతవరకు అన్నది మాటల్లో ఉంది, ఎంత అయిందన్నదీ మాటల్లోనే ఉంది. మాటల మీద నడిచే టీములో మాటకారులదే రాజ్యం, మొహమాటస్తులది ఎప్పుడూ అప్పే.

అందుకని ఏం చేయాలో చెప్తాను, పెద్ద పనులేం కావు. రేపటి నుంచి నీ ఆరుగురిలో ఎవరూ గడువు అడిగితే యెస్ అనీ అనొద్దు, నో అనీ అనొద్దు. అంకె చెప్పండి. “శుక్రవారానికి అయ్యే అవకాశం పదిలో నాలుగు. డల్లాస్ నుంచి వెనక్కొచ్చిన సరుకు సంగతి బుధవారం లోపు తేలితే పదిలో ఎనిమిది.” చూడు, ఇందులో నువ్వు ఎవరికీ ఎదురు చెప్పలేదు, పెద్దమనిషి ముందు “కాదు” అనలేదు, కానీ దాపరికమూ లేదు. ‘నో చెప్పడం నేర్చుకో’ అన్న సలహా కంటే ఇది మన నోటికి సులువుగా వస్తుంది. మన పిల్లలు “నో” అనలేకపోవచ్చు, “నాలుగు” అనగలరు. నా పాత టీములో ఇది మొదలుపెట్టిన మూడో వారానికి, ఎప్పుడూ మైక్ ఆన్ చేయని మక్తల్ పిల్లవాడొకడు ఛాట్‌లో “2” అని ఒక్క అంకె పెట్టాడు. అందరం ఆగిపోయి ఎందుకని అడిగాం. డేటాబేస్‌లో ఆ వారమంతా ఎవరూ చూడని గుంత ఒకటి అతను చూశాడు.

ప్రతి కాల్ చివర ఐదు నిమిషాలు ఒప్పుకున్నవి రాయాలి, ఎవరు, ఏది, ఎప్పటికి అని, అందరికీ కనిపించే ఒకే చోట. రాసే పని వంతుల మీద తిరగాలి. స్టుట్‌గార్ట్ వాళ్లు వాళ్ల భోజనాల బల్ల దగ్గర తేల్చుకున్నది కూడా అక్కడ రాసేదాకా నిర్ణయం కాదు, ఇది పట్టుబట్టి ఒప్పించు. నలుగురు ఒక్క చోట కూర్చున్నప్పుడు వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం సహజం, అందులో కుట్ర లేదు. కానీ మనీలాలో ఒంటరిగా ఉన్న ఆ అమ్మాయికి అది ఎప్పటికీ వినిపించదు. ఆ అమ్మాయి గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు, ‘తను ఏం మాట్లాడదు’ అని. నీ మీద స్టుట్‌గార్ట్ వేసిన ముద్రనే నువ్వు ఆమె మీద వేస్తున్నావేమో చూసుకో. మీ మీటింగు నీకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో స్టుట్‌గార్ట్‌కు సాయంత్రం ఐదు, డల్లాస్‌కు పొద్దున పది, ఆమెకు అర్ధరాత్రి పన్నెండు. అర్ధరాత్రి ఎవరు మాట్లాడతారు?

మీటింగు టైము సంగతి మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? సాగర్ ఎడమ కాలువ చివరి భూములవాళ్లకు వంతు అంటే ఏమిటో తెలుసు, వంతు లేకపోతే నీళ్లన్నీ పైవాళ్ల పొలాల్లోనే ఆగిపోతాయి. నిద్ర కూడా అంతే. నెలకు ఒకసారి టైము మార్చండి. ఒక నెల మన రాత్రి, ఒక నెల డల్లాస్ వాళ్ల తెల్లవారుజాము. వాళ్లు ఆ ఒక్క నెల తెల్లవారి ఐదింటికి లేస్తే చాలు, సగం మీటింగులు మెయిల్‌తో సరిపోతాయని వాళ్లకే తోస్తుంది. ఇంకోటి, అమెరికా వాళ్లు గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, యూరప్ వాళ్లు మార్చేది మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు మీ టైములన్నీ తారుమారవుతాయి, ఆ వారాల్లో మిస్సయిన కాల్స్‌ను ఎవరి నిర్లక్ష్యం కిందా రాయకండి.

అన్నింటికంటే ముఖ్యమైనది డల్లాస్ దారి. దీన్ని నువ్వు ఒక్కదానివే తెరవలేవు, మేనేజర్లు తెరవాలి. స్టుట్‌గార్ట్ మేనేజర్‌కు ఇలా రాయి, సంస్కృతి మాట ఎక్కడా ఎత్తకుండా: “కిందటి రిలీజులో మేం అడిగిన ప్రశ్నలు ఇన్ని, ఒక్కో జవాబుకు సగటున ఇన్ని రోజులు పట్టింది, వాటిలో డల్లాస్ దాకా వెళ్లాల్సినవి ఇన్ని. వారానికి రెండు రోజులు అరగంట చొప్పున డల్లాస్‌తో నేరుగా మాట్లాడతాం, తేలినది మీకు అదే రోజు రాసి పంపిస్తాం. ఒక రోజు లోపు పని ఉండే మార్పులకు నేను సంతకం పెడతాను, అంతకు మించితే మీరే. ఆరు వారాలు చేసి చూద్దాం.” జర్మన్ పద్ధతికి ఇది బాగా ఎక్కుతుంది. లెక్క ఉంది, ప్రతిపాదన ఉంది, గడువు ఉంది. ఆయన నిన్ను అందరి ముందు అన్న మాటను మాత్రం వదిలేయకు. ఇద్దరే ఉన్న కాల్‌లో చెప్పు: “ఆ రోజు మీరన్న మాట నన్ను బాధించింది. పని గురించి ఎంత కఠినంగానైనా చెప్పండి, మా ఊరి మనుషులందరినీ కలిపి ఒక మాట అనకండి.” ఇది చెప్పడానికి నీకు వణుకు వస్తుందని తెలుసు. ముందు కాగితం మీద రాసుకుని చదువు, తప్పేం లేదు, నేను చాలాసార్లు అట్లనే చేశాను. సూటిగా మాట్లాడే అలవాటున్నవాళ్లలో చాలామంది సూటిగా చెబితే గౌరవిస్తారు, ఆ గుణాన్ని మనం వాడుకోవాలి.

ఆ కల్చర్ ట్రైనింగ్ మీ ఆరుగురికే పెట్టారన్నావు చూడు, అది నాకు నిజంగా నచ్చలేదు. వినిపించడం లేదన్న ఫిర్యాదు వస్తే నోటికి మాత్రమే మందు రాసి చెవిని వదిలేసినట్టుంది. మీ హైదరాబాద్ మేనేజర్‌ను అడుగు, తర్వాతి విడత 14 మందికీ కలిపి పెట్టమని. రెండు రోజులు అక్కర్లేదు, రెండు గంటలు చాలు. ప్రతి ఊరివాళ్లు మూడే చెప్పాలి. మా దగ్గర ‘వద్దు’ ఎట్లా అంటాం, కోపం వస్తే ఎట్లా తెలుస్తుంది, ఏ రోజుల్లో మేం దొరకం.

నీ దగ్గరున్న ఐదుగురిని మార్చనక్కర్లేదు, కాపాడితే చాలు. తప్పు ముందే చెప్పిన పిల్లను అందరి ముందు మెచ్చుకో. వాళ్లు నిన్ను మేడమ్ అంటారని రాశావు. నువ్వు చెప్పినదానికి వాళ్లు “సరే మేడమ్” అంటున్నారంటే, స్టుట్‌గార్ట్ ముందు నువ్వు నిలబడినట్టే వాళ్లూ నీ ముందు నిలబడి ఉండొచ్చు. ముందు వాళ్లతో అంకెలు చెప్పించుకో, పదిలో ఎంత అని. మొదటి వారం అందరూ తొమ్మిది, పది అంటారు. రెండో వారం నువ్వే నీ పనికి “పదిలో మూడు” అని చెప్పి చూడు, మిగతావాళ్ల అంకెలు వాటంతట అవే దిగుతాయి.

నమ్మకం సంగతి ఒక్కటి మిగిలింది. మన దగ్గర ముందు ఇంటి సంగతులు, చాయ్, తర్వాత పని. అక్కడ ముందు పని, అది సజావుగా జరిగితే తర్వాత స్నేహం. ముఖాలు చూడని టీముల్లో నమ్మకం ఎట్లా పుడుతుందో సిర్కా యార్వెన్‌పా, డొరొతీ లైడ్నర్ 1990ల చివర్లో పరిశీలించారు. నమ్మకం నిలబడిన టీముల్లో కనిపించిన ఒక గుణం, జవాబు ఎప్పుడొస్తుందో ముందే తెలిసేలా రావడం. తొందరగా రావడం కాదు, చెప్పిన వేళకు రావడం. రోజూ సాయంత్రం 6 గంటలకు, పని అయినా కాకపోయినా, నాలుగు వాక్యాలు స్టుట్‌గార్ట్‌కు పంపు. ఏం అయింది, ఏం కాలేదు, ఎవరి కోసం ఆగాం, రేపేంటి. కరెంటు పోయి నెట్ లేకపోతే ఫోన్ నుంచి ఒక్క వాక్యమైనా పంపు. అదే నీ దిమ్మె.

రెండు వారాలు ప్రశ్నల లెక్క రాసుకో, ఏది ఎప్పుడు అడిగావు, జవాబు ఎప్పుడొచ్చింది, మధ్యలో ఎంతమంది చేతులు మారింది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మేనేజర్‌కు మెయిల్ పెట్టు, ఏమన్నాడో నాకు రాయి. సద్దుల బతుకమ్మ రోజును ఇప్పుడే టీము క్యాలెండర్‌లో పెట్టేసేయ్. పక్కనే, ఆ రోజు సాయంత్రం మీ ఆరుగురూ ఎందుకు దొరకరో రెండు ముక్కల్లో రాయి, వీలైతే కిందటేడు పేర్చిన బతుకమ్మ ఫొటో ఒకటి జతచెయ్యి.